రెండు గజాలు ఎక్కువ

లక్షదీవులు
12 ఫిబ్రవరి 2024

రూప్లా మామా,

చేరాను. కొచ్చి నుంచి ఓడలో ఒక పగలు, ఒక రాత్రి. రెండుసార్లు వాంతి అయింది. నర్సుకే వాంతులా అని పక్కన కూర్చున్నావిడ ఒకటే నవ్వు.

ఉత్తరమే రాయాలని పట్టుబట్టావు కాబట్టి రాస్తున్నాను. నువ్వన్నదీ నిజమే. బావుల్లో తూటాలు పేల్చీ పేల్చీ చెవులు పోగొట్టుకున్నావు, ఫోన్లో నీకేం వినపడుతుంది? సక్రి అత్తకు చెబితే నీ చెవిలో అరిచేది సగం, తను కలిపి చెప్పేది సగం. పైగా మన తండాలో టవరు లేదు. ఇక్కడ ఉంది గానీ గాలి గట్టిగా వీస్తే సిగ్నలు పోతుంది. కాగితమే నయం.

ముందు నీకు కావాల్సిన సంగతి. ఈ దీవిలో రాయి లేదు మామా! గుట్ట లేదు, వాగు లేదు, చెరువు లేదు. ఈ చివర నుంచి ఆ చివరకు గంటలో నడిచిపోవచ్చు. ఎప్పుడో సముద్రంలో మునిగిపోయిన కొండ ఒకటి అడుగున ఉందట. దాని మీద పగడపు పురుగులు పుట్టి, చచ్చి, వాటి గూళ్లు పేరుకొని పేరుకొని నీళ్ల పైకి వస్తే ఈ దీవి అయిందట. మా డాక్టరమ్మ చెప్పింది. నేను రోజూ డ్యూటీకి నడిచేది ఆ గూళ్ల పిండి మీదే. తెల్లగా ఉంటుంది, ఎండ పూట కళ్లు తెరవలేం.

ఇక్కడి బతుకంతా ఆ పిండిని బట్టే. వరి పండదు, బియ్యం ఓడలో రావాలి. కొబ్బరి పండుతుంది, చేప దొరుకుతుంది. పాత ఇళ్ల గోడలు పగడపు రాయి కోసి కట్టినవే. మగవాళ్లు సముద్రం మీద ఉంటారు కాబట్టి ఇల్లు ఆడవాళ్లది. పాతకాలంలో అయితే పెళ్లయినా మగవాడు తల్లి ఇంట్లోనే ఉండి, రాత్రికి మాత్రం భార్య ఇంటికి వెళ్లేవాడట. ఈ మాట అత్తకు చదివి వినిపించకు.

నేను అద్దెకున్న ఇంటి పెద్దావిడ పేరు కుంజిబీ. డెబ్బై ఏళ్లుంటాయి. నన్ను మోళే అని పిలుస్తుంది, అంటే బిడ్డా అని. మా నర్సింగు కాలేజీలో మలయాళీ సిస్టర్ల దగ్గర నేర్చుకున్న నాలుగు ముక్కలతో ఆమెతో నెట్టుకొస్తున్నాను. పెరట్లో ఒక బావి ఉంది. ఏడిళ్ల వాళ్లు వాడతారు. గట్టు మీద వంగి కర్రకు కట్టిన కొబ్బరి చిప్పతో ముంచుకుంటారు. తాడు అక్కర్లేదు, నీళ్లు అంత పైనే. కానీ ఉన్నది మూరెడు లోతే. ఇంటికి రెండు బిందెలు తీసుకున్నాక, మళ్లీ ఊరేదాకా అందరూ ఆగుతారు. ఎవరూ విసుక్కోరు, ఎవరూ గబగబా తోడరు.

నాకే విసుగ్గా ఉంది. పిల్లలకు విరేచనాలు తగ్గడం లేదు. చేతులు కడుక్కోండి, గిన్నెలు బాగా తోమండి అని ఇంటింటికీ చెప్పి వస్తున్నాను. రెండు బిందెలతో ఏం కడుగుతారు? నువ్వైతే ఏం చేస్తావు మామా?

నీ కోడలు,
హేమలత

రాళ్లబోడు తండా
3 మార్చి 2024

కోడలు పిల్లకు, నూట పన్నెండు బావుల రూప్లా రాసేది.

నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. వద్దన్నావు కాబట్టి ఆ పెళ్లి సంగతి మీ అత్తకు ముందే చదివి వినిపించాను. "మంచిగనే ఉందిగదా! గా దీవికి నన్ను తోలుమని రాయి," అని నా చెవిలో అరిచింది. ఆ రోజు నుంచి నేను ఏదన్నా అడిగితే దీవి పేరు ఎత్తుతోంది.

మూరెడు నీళ్లున్న దాన్ని బావి అంటారా? మన దగ్గర గుంట అంటాం. ఏడిళ్ల వాళ్లు దాని చుట్టూ చిప్పలు పట్టుకొని నిలబడతారంటే నవ్వూ వచ్చింది, జాలీ వేసింది. వాళ్లలో తవ్వేవాడు లేడన్న మాట.

మన నేల సంగతి నీకు తెలియనిది కాదు. ఎర్రమన్ను రెండు గజాలు, దాని కింద మొరం, దాని కింద పుచ్చురాయి, ఆ కింద నల్లరాయి. నల్లరాయిలో చీలిక తగిలినప్పుడే జల పడుతుంది. పైపైన గోకినవాడికి చుక్క దొరకదు. దుమ్ముగూడెం వెళితే అక్కడి వాళ్లకు ఈ బాధ లేదు. గోదావరి ఇసుకలో చెలమ తీసి చెంబుతో ముంచుకుంటారు. అందుకే నెమ్మదిగా మాట్లాడతారు, వచ్చినవాడికి ముందు నీళ్లిస్తారు. వేంసూరు వైపు నల్లరాతి మీద బతికే రైతుల్లో నీళ్ల దగ్గర అన్నదమ్ములే కొట్టుకోవడం నా కళ్లతో చూశాను. మనిషి గుణం కింద ఉన్న రాయిని బట్టి ఉంటుంది. నలభై ఏళ్లు బావుల్లో దిగి తెలుసుకున్నాను కాబట్టి చెబుతున్నాను.

నువ్వు చేయాల్సింది ఇది. నీళ్లు బాగా అడుగంటిన రోజులు చూసుకో. మార్చి చివర సరిపోతుంది. ఇద్దరు మనుషులను పెట్టి రెండు గజాలు లోతు చేయించు. రాయి లేదంటున్నావు, తూటా పనే లేదు. కొబ్బరికాయ కొట్టి మొదలుపెట్టండి. తొలి బిందె ఆ ఇంటి ఆడపిల్ల చేతికి ఇవ్వాలి. నీళ్లు ఎప్పుడూ కిందే ఉంటాయి బిడ్డా, మనమే దిగి వెళ్లాలి.

ఆ దీవిలో నా నూట పదమూడో బావి అవుతుంది. తలుచుకుంటే ఛాతీ ఉబ్బుతోంది.

రూప్లా

లక్షదీవులు
27 మార్చి 2024

మామా,

నూట పదమూడో బావి అయింది!

అంత సులువుగా కాలేదు. కుంజిబీ మూడుసార్లు వద్దంది. చేత్తో నేల వైపు చూపించి, తల అడ్డంగా ఊపి, ఏదో చెప్పింది. నాకు సగమే అర్థమైంది. ముసలావిడ కదా, ఇల్లంతా దుమ్మవుతుందని భయపడుతోందనుకున్నాను. ఈలోగా ఆమె మనవరాలికి నొప్పులొచ్చాయి. బిడ్డ అడ్డం తిరిగింది. సముద్రం బాగా లేక పెద్దాసుపత్రికి పంపే దారి లేకపోయింది. డాక్టరమ్మా నేనూ ఒక రాత్రంతా కష్టపడి తల్లినీ బిడ్డనూ దక్కించాం. మర్నాడు నేను బావి మాట ఎత్తితే కుంజిబీ ఈసారి వద్దనలేదు, "నీ ఇష్టం మోళే," అంది.

గడ్డపార వేస్తే నేల బెల్లం ముద్దలా విరిగింది. మన నల్లరాతి మీద నువ్వు పడ్డ పాట్లు గుర్తొచ్చాయి. రెండో రోజు మధ్యాహ్నానికి రెండు గజాలూ దిగారు. నీళ్లు మనిషి ఛాతీ దాకా వచ్చాయి. పిల్లలు కేకలు పెట్టారు. తొలి బిందె కుంజిబీ మునిమనవరాలి చేతికి ఇచ్చాను. ఆ పిల్లకు ఆరేళ్లు, మోయలేక సగం ఒలకబోసింది. ఇప్పుడు ఇంటికి ఎనిమిది బిందెలు వస్తున్నాయి.

కొంచెం ఉప్పగా అనిపిస్తోంది. కొత్త నీళ్లు కదా, అట్లాగే ఉంటాయా?

కుంజిబీ మాత్రం ఇంకా చిప్పతోనే ముంచుకుంటోంది. అలవాటు పోదు మరి.

హేమలత

రాళ్లబోడు తండా
9 ఏప్రిల్ 2024

కోడలా, శభాష్!

నీ ఉత్తరం జేబులో పెట్టుకొని తండా మొత్తం తిరిగాను. చదువు వచ్చినవాళ్లకు చూపించాను, రానివాళ్లకు చదివి వినిపించాను. "సముద్రం నడుమ బావి తవ్విచ్చినవంట గదా రూప్లా," అని మన ఊరి పెద్ద రైతు వెంకటేశ్వరరావు గారు టీ తాగించారు. నాకు వినపడలేదని చెప్పి ఆ మాట రెండుసార్లు అనిపించుకున్నాను.

ఉప్పు సంగతి పట్టించుకోకు. కొత్తగా తవ్విన బావిలో నీళ్లు ఎక్కడైనా రుచి తేడాగానే ఉంటాయి. రాతి పొడి, పాత మురికి కలిసి ఉంటాయి. దానికి మందు ఒకటే. మూడు రోజులు వరసగా అడుగంటా తోడి పోయించు. చిన్న మోటారు దొరికితే పెట్టు. పాతది పోతే అసలు ఊట వస్తుంది, కొబ్బరి నీళ్లలా ఉంటుంది చూడు.

రూప్లా

లక్షదీవులు
2 మే 2024

మామా,

నువ్వు చెప్పినట్టే చేశాను. బడి కట్టే పనివాళ్ల దగ్గర మోటారు తెచ్చి మూడు రోజులు తోడించాను. రెండో రోజుకే నోట్లో పోసుకోలేని ఉప్పు. మూడో రోజుకు సముద్రం. నీ అసలు ఊట అదే మామా, సముద్రం!

ఏడిళ్ల బావిని పాడుచేశాను. పక్క పెరట్లో బావి కూడా ఉప్పుకు తిరిగింది. ఇప్పుడు ఆడవాళ్లు మసీదు దగ్గరి బావికి బిందెలు పట్టుకొని పోతున్నారు. అక్కడా మూరెడు నీళ్లే, అక్కడి వాళ్లకే చాలవు. నన్ను ఎవరూ ఒక్క మాట అనలేదు. నేను ఎదురైతే పక్కకు జరిగి దారి ఇస్తున్నారు. తిట్టినా బాగుండేది.

నిన్న కుంజిబీని కూర్చోబెట్టి, చెప్పమని బతిమాలాను. ఒక్క మాట పోకుండా అర్థం చెప్పడానికి డాక్టరమ్మను తోడు పెట్టుకున్నాను. ఈ నేల అంతా చిల్లుల మయమట. కింద, చుట్టూ, అంతా సముద్రపు నీరే. వాన పడితే ఆ మంచినీళ్లు ఇసుకలోంచి దిగి, ఉప్పునీళ్ల మీద పాల మీద మీగడలా తేలి ఉంటాయట. "మా దీవికి ఉన్నది మీగడే. దాన్ని పైపైన తీసుకోవాలి. మా అమ్మమ్మ చిప్పతో ఎందుకు ముంచేదనుకున్నావు?" అంది. ముందే గట్టిగా ఎందుకు చెప్పలేదని అడిగాను. "నా మనవరాలిని నిలబెట్టిన దానివి. నీకు కాదని చెప్పడానికి నోరు రాలేదు," అంది.

నాకు నీ మీద కోపంగా ఉంది మామా. చూడకుండా, అడగకుండా, నీ నల్లరాయి లెక్కే లోకమంతటికీ అనుకున్నావు. నేనూ అంతే. ఏడిళ్ల వాళ్లు ఎందుకు ఆగుతున్నారో ఒక్కసారి అడగలేదు. నాకు నా మీద ఇంకా కోపంగా ఉంది.

తవ్విన రెండు గజాలు మళ్లీ పూడ్చాలి. అదీ వానలు మొదలయ్యేలోగా. అప్పుడే పడిన నీళ్లు మళ్లీ పైన నిలిచే ఆశ ఉందని డాక్టరమ్మ అంటోంది. మే నెలాఖరుకు వాన వస్తుంది. ఎట్లా పూడ్చాలో ఇక్కడ ఎవరికీ తెలియదు, ఎవరూ ఎప్పుడూ ఇంత తవ్వలేదు కాబట్టి. అడ్డదిడ్డంగా మట్టి పోస్తే ఉన్నది కూడా పోతుందేమో. నీకు తెలుసు. వెంటనే రాయి.

హేమలత

రాళ్లబోడు తండా
11 మే 2024

హేమలతా,

ఇది రాసిన మూడో కాగితం. మొదటి రెండూ చించేశాను. మొదటిదాంట్లో నిన్ను తిట్టాను, రెండోదాంట్లో మీ డాక్టరమ్మను. మా అబ్బాయి జగదీష్ ఖమ్మం నుంచి ఆదివారం సెలవుకు వచ్చాడు. దీన్ని ఫొటో తీసి, రేపు బస్సెక్కి టవరు తగలగానే నీ ఫోనుకు పంపుతానన్నాడు. కాగితం వెనక వస్తుంది.

నేను బావి పూడ్చడం గురించి ఎవరికీ చెప్పకూడదు. మా నాయన లాలు, నీ తాత, నా చేతికి గడ్డపార ఇచ్చిన రోజు ఒట్టు వేయించుకున్నాడు. తవ్విన బావిని పూడ్చినవాడు, పూడ్చమని చెప్పినవాడు మళ్లీ ఆ పని ముట్టకూడదు. మా పనిలో అది చంపడంతో సమానం. ఎన్ని బావులు ఎండినా కంప కొట్టి వదిలేశాం గానీ పూడ్చలేదు. అందుకని నీకు కుదరదని రాయబోయాను.

రాయలేకపోయాను. ఒక మనిషి అడ్డం వచ్చాడు. మన తండా హాతీరాం నీకు లీలగా గుర్తుండవచ్చు. పదిహేనేళ్ల కింద వెంకటేశ్వరరావు గారి చేలో బావిని నేను నాలుగు గజాలు లోతు చేశాను. మంచి జల పడింది, అందరూ మెచ్చుకున్నారు. వారం తిరక్కుండా పక్క చేలో హాతీరాం బావి ఎండింది. మిరప తోట నిలువునా మాడిపోయింది. నా దగ్గరికి వచ్చి, "నా బావిల నీళ్లు ఏడవోయినయ్ రూప్లా?" అని అడిగాడు. అప్పటికి నాకు కొంచెం వినపడేది. "నీ బావి లోతు లేదు. గది నీ తప్పు," అన్నాను. ఆ నీళ్లు ఎక్కడికి పోయాయో నాకు తెలుసు బిడ్డా. ఆ చీలికను తెగ్గొట్టింది నేనే. హాతీరాం చేను అమ్ముకొని ఖమ్మంలో ఆటో నడుపుతున్నాడు. ఈ మాట ఇంతవరకు మీ అత్తకు కూడా చెప్పలేదు.

నల్లరాయి దగ్గర కూడా మీగడ లాంటిదే ఉంటుంది. ఒకడు లోతుకు పోతే పక్కవాడిది పోతుంది. తెలిసి కూడా నీకు లోతుకు పొమ్మని రాశాను.

ఇక విను. బయటికి తీసిన పగడపు రాయి పారేయలేదు కదా? అదే వేయాలి. మట్టి వద్దు, సిమెంటు అసలే వద్దు. అడుగున పిడికిలంత రాళ్లు పేర్చండి, పోయకూడదు, మనిషి దిగి పేర్చాలి. వాటి మీద కంకర. దాని మీద బాగా కడిగిన ఇసుక ఒక జానెడు. దిమ్మిస కొట్టవద్దు, నీళ్లు ఆడాలి. పాత గోడ రాళ్లు ఎక్కడ ఆగిపోయాయో చూడు, అదే పాత అడుగు. దాని కంటే వేలెడు కూడా కిందికి ఉంచకు. వానలు బాగా పట్టేదాకా ఎవరూ ముంచవద్దు. మోటారు ఎవరిదో వాళ్లకు ఇచ్చేయి.

ఈ ఉత్తరంతో నా పని అయిపోయింది. గడ్డపార నూనె రాసి అటక మీద పెట్టాను. నువ్వు బాధపడకు, చెవులు లేనివాడు బావిలో దిగడం ఎట్లాగూ మంచిది కాదు.

రూప్లా

లక్షదీవులు
6 జూన్ 2024

మామా,

ఫొటో అందింది. దాన్ని చదివి, కుంజిబీకి మొత్తం చెప్పాను. నీ ఒట్టు సంగతి కూడా. ఆమె కొంగుతో కళ్లు తుడుచుకుని లేచి, ఏడిళ్లకూ కబురు పెట్టింది.

రాళ్లన్నీ పెరట్లోనే ఉన్నాయి. మగవాళ్లు చేపల వేటకు పోకుండా రెండు రోజులు ఆగిపోయారు. ఇద్దరు దిగి పేర్చారు. ఆడవాళ్లు ఇసుకను బుట్టల్లో వేసి సముద్రంలో కడిగి, మళ్లీ కడపటిసారి మసీదు బావి నీళ్లతో కడిగారు. అంత నీళ్ల కరువులో! నేను వద్దంటే వినలేదు. పాత అడుగు దగ్గర వేలు పెట్టి కొలిచింది నేనే.

మే ముప్పై ఒకటిన వాన వచ్చింది. ఓడలు తగ్గిపోయాయి, ఈ ఉత్తరం నీకు ఎప్పుడు చేరుతుందో తెలియదు. బావి మీద కొబ్బరాకుల చాప కప్పి ఉంచాం, ఎవరూ ముంచకుండా. తీపి వస్తుందో రాదో ఎవరూ చెప్పలేకపోతున్నారు.

నీ మీద కోపం పోయింది. నేను రాసిన మాటలకు మన్నించు.

హేమలత

రాళ్లబోడు తండా
14 జూలై 2024

బిడ్డా,

నీ ఉత్తరం నిన్ననే వచ్చింది. ఏం తిన్నా రుచించడం లేదు. నీళ్లు ఎట్లున్నాయో ఒక ముక్క రాయి.

ఖమ్మం వెళ్లి వచ్చాను. మిర్చి యార్డు గేటు దగ్గర హాతీరాం ఆటో పెట్టుకొని ఉన్నాడు. తల నెరిసింది. నన్ను చూసి అన్న మొదటి మాట పెదవుల మీద తెలిసింది. "ఇప్పుడొచ్చినవా?" అన్నాడు. "నీ నీళ్లు నేనే తీసుకుపోయిన," అని చెప్పాను. ఆ తర్వాత చాలాసేపు మాట్లాడాడు. చేతులు ఊపాడు, ఆటో మీద కొట్టాడు. పక్క ఆటోల వాళ్లు వచ్చి నిలబడ్డారు. నాకు ఒక్క ముక్క వినపడలేదు. వినపడలేదని చెప్పలేదు, ఆపమని చెప్పలేదు. అన్నీ అననిచ్చాను. చివరికి నా సంచి లాక్కుని ఆటోలో పెట్టి బస్టాండులో దింపాడు.

వెంకటేశ్వరరావు గారు బావి ఇంకో మూడు గజాలు దింపమని కబురు చేశారు. "నేను చెయ్య. వేరేవాన్ని పిలిచినా, పక్క చేను బావి ముందు చూడుమనుండ్రి," అని చెప్పించాను.

మీ అత్త తీజ్ బుట్టలకు గోధుమలు ఏరుతోంది. తండా ఆడపిల్లలు తొమ్మిది రోజులు మొలకలకు నీళ్లు పోస్తారు కదా, ఈసారి నీ పేరున కూడా ఒక బుట్ట పెడతానంటోంది.

రూప్లా

లక్షదీవులు
22 సెప్టెంబర్ 2024

మామా,

జవాబు ఇన్నాళ్లు ఆలస్యం చేసింది ఓడలు కాదు, నేనే. రాయడానికి నా దగ్గర మంచి మాట లేకపోయింది.

జూన్ చివర చాప తీశాం. ప్రతి శుక్రవారం పొద్దున చిప్పతో ముంచి నాలుక మీద వేసుకున్నాను. మొదట సముద్రమే. జూలై నడిమికి కొంచెం తగ్గింది. ఆగస్టులో తగ్గిందో, నా నాలుకే అలవాటు పడిందో తెలియలేదు. కుంజిబీని అడిగితే "చూద్దాం" అనేది. ఆమె మర్యాద నాకు తెలుసు కాబట్టి ఆ మాటను నమ్మలేదు.

ఇంకో సంగతి. తాగడానికి వాననీళ్లు పట్టుకున్నా, జూలై నుంచి వంటకు మాత్రం మళ్లీ ఈ బావి నీళ్లే వాడుతున్నారు. కుంజిబీ ఇంట్లో గంజిలో ఉప్పు వేయడం మానేశారు. వేయాల్సిన పని లేకపోయింది. నాతో ఎవరూ అనలేదు. గిన్నె ఇవ్వడానికి వంటింట్లోకి వెళ్లినప్పుడు ఉప్పు జాడీ బోర్లించి ఉండటం నేనే చూశాను. ఆ రోజు నుంచి అన్నం సరిగా తినలేదు.

ఈ మధ్యాహ్నం డ్యూటీ నుంచి వస్తుంటే కుంజిబీ గొడుగు వేసుకొని ఎదురొచ్చింది. ఈ వానలో ఎక్కడికి అని అడిగాను.

"దుకాణానికి మోళే. రెండు రోజులుగా గంజి చప్పగా ఉంటోంది. ఉప్పు తెచ్చుకోవాలి."

నడిరోడ్డు మీద ఏడ్చేశాను మామా. ఆమె నన్ను గొడుగులోకి లాక్కుంది. ఇద్దరం వెళ్లి ఉప్పు కొనుక్కొచ్చాం.

హేమలత